బొట్టు పెట్టిన మేక

ఐదు రాబందుల్నీ కోల్డ్ రూములో టార్పాలిన్ మీద వరసగా పడుకోబెట్టారు. పోస్ట్‌మార్టం చేసి కుట్టేసిన పొట్టలు. డిటెక్టివ్ సైలస్ వాటి ముందు కాసేపు నిలబడ్డాడు. జాలి వేస్తుందేమో, కనీసం కోపమైనా వస్తుందేమో అని చూశాడు. ఏదీ రాలేదు. ఈ మధ్య ఏ శవం ముందు నిలబడ్డా ఇంతే. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ చేసిన చిగుళ్ళలాగా లోపలంతా మొద్దుబారి ఉంటోంది.

"మొన్నటిదాకా ఏడు, సైలస్ గారూ. ఇప్పుడు రెండు," అంది వెనకనుంచి వీరరాఘవమ్మ.

ఆవిడ గొంతులో కూడా ఏమీ లేదు. ఇంట్లో బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. డెబ్బై దాటిన మనిషి. భీమవరం నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో లారీల వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబం. భర్త పోయాక, బోయిన్‌పల్లి అవతల ఉన్న తమ తోటలో ఈ రాబందుల కేంద్రం పెట్టి, దాన్ని చూసుకోవడానికి ఒక ట్రస్టు కమిటీ వేసింది. ఒకప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిందంటే గుంపులుగా దిగే పక్షులు ఇవి. పశువులకు వేసే నొప్పి మందు ఆ గొడ్డు మాంసంలో ఉండిపోయి వీటి మూత్రపిండాల్ని తినేసింది. దేశంలో నూటికి ఒకటో రెండో మిగిలాయి. ఆ మిగిలినవాటికి మందు తగలని మాంసం ఎవరో ఒకరు పెట్టాలి. ఇక్కడ ఆ పని ఈ కేంద్రానిది.

మిగిలిన రెండూ ఒక జంట. వెనకవైపు చిన్న జాలీ గదిలో ఉన్నాయి. ఆ గూట్లో ఒక గుడ్డు ఉంది. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే జాతి. ఈ కేంద్రం మొదలయ్యాక పెట్టిన మొదటి గుడ్డు అదే. మరో పది రోజుల్లో పిల్ల రావాలి.

సాయంత్రం ఐదింటికి ట్రస్టు కమిటీ కూర్చుంటుంది. పక్షుల్ని ఎవరు ఎలా చంపారో అప్పటికి తేలకపోతే కేంద్రానికి తాళం వేస్తారు, జంటను పెట్టెల్లో పెట్టి వేరే రాష్ట్రానికి పంపేస్తారు. గుడ్డు పెట్టెలో బతకదు. పక్షుల్ని చూసుకునే ప్రభుదాస్‌ను పోలీసులకు అప్పగిస్తారు. వీరరాఘవమ్మ సైలస్‌ను పిలిపించింది ఇందుకే. కమిటీ వాళ్ళు తమ తరఫున ఇంకో డిటెక్టివ్‌ను నిన్ననే దింపారు.

ఆ ఇంకో డిటెక్టివ్ దుర్గేష్ అని సైలస్‌కు గేటు దగ్గర కారు చూడగానే తెలిసిపోయింది.

ముందు డాక్టర్ యామిని దగ్గరికి వెళ్ళాడు. ఈ కేంద్రానికి పశువుల డాక్టరు ఆమె. ముప్పై కూడా ఉండవు. రెండు రోజులుగా నిద్రపోనట్టుంది. అడిగినదానికి అడిగినంత చెప్పింది. గురువారం పొద్దున మేకను కోశారు, పెద్ద జాలీ గదిలో ఐదు పక్షులకూ పెట్టారు. శనివారం తెల్లారేసరికి రెండు మెడలు వేలాడేసి కూర్చున్నాయి. ఆదివారం మధ్యాహ్నానికి ఐదూ పోయాయి. పొట్ట కోస్తే కాలేయం మీద, గుండె మీద సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ల్యాబ్ రిపోర్టు ఈ పొద్దునే వచ్చింది. డైక్లోఫెనాక్. అదే నొప్పి మందు.

మేకకు ముందే ఎవరైనా ఇంజెక్షన్ చేసి అమ్మి ఉండొచ్చు కదా అని అడిగాడు సైలస్.

అలా జరగదంది. వచ్చిన మేకను వెంటనే కోయరు. పది రోజులకు పైగా ఇక్కడి షెడ్డులోనే ఉంచుతారు. పాత మందు ఏదైనా ఉంటే ఈలోగా ఒంట్లోంచి పోతుంది. ఆ రోజుల్లో మేకకు జ్వరం వచ్చినా, కాలు విరిగినా మందు మాత్రం వేయరు. అదే ఇక్కడి రూలు. ఈ మేకనూ అలాగే ఉంచారు.

"అంటే మందు ఈ గోడల లోపలే పడింది," అన్నాడు సైలస్.

యామిని తలూపింది. మిగిలిన మాంసం ఏం చేశారంటే, శనివారమే పెద్ద ఫ్రీజరంతా ఖాళీ చేయించి గొయ్యి తీసి సున్నం పోసి పూడ్పించానంది. జంటకు కూడా ఆ మేకే పెట్టారా అని అడిగితే పెట్టాలి అంది. పెట్టారనే అనుకున్నాను అంది. పెట్టి ఉంటే ఇప్పటికి అవీ ఉండవు.

ఆఫీసు గదిలో దుర్గేష్ లాప్‌టాప్ ముందు కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. ఒకప్పుడు రెజిమెంటల్ బజార్‌లో సైలస్ ఆఫీసులో ఒకే ఫ్యాను కింద కూర్చున్న మనిషే. తర్వాత క్లయింట్లనూ ఫ్యానునూ కూడా తీసుకుని వెళ్ళిపోయాడు.

"రా సైలసన్నా. లేటయినవ్. కేసు నిన్ననే ఖతం అయింది," అన్నాడు.

"అయితే ఇంకా ఎందుకు కూర్చున్నావ్?"

"నువ్వు ఓడిపోతే చూద్దామని."

లాప్‌టాప్ ఇటు తిప్పాడు. వరండాలో కెమెరా తీసిన వీడియో. గురువారం పొద్దున. ప్రభుదాస్ ఒక నీలం డబ్బా నిండా మాంసం పట్టుకుని చిన్న జాలీ గది వైపు వెళ్తాడు. గది ముందు ఆగుతాడు. చాలాసేపు నిలబడతాడు. తర్వాత వెనక్కి తిరిగి, అదే డబ్బాతో తన గదిలోకి వెళ్తాడు. మళ్ళీ బయటికి వచ్చేటప్పుడు చేతిలో డబ్బా లేదు, స్టీలు గిన్నె ఉంది. గిన్నెలో వేరే మాంసం. గడ్డకట్టి, నల్లగా ఉంది. పాత మేకది.

దుర్గేష్ ఒక్కొక్క వేలూ మడిచాడు. మాంసం ముట్టుకునేది ప్రభుదాస్ ఒక్కడే. వచ్చే నెల నుంచి ఆ పని కాంట్రాక్టు వాళ్ళకు ఇస్తామని కమిటీ చెప్పింది, దాంతో మనసులో కోపం ఉంది. అతని టిఫిన్ సంచిలో నొప్పులకు రాసుకునే ఆయింట్‌మెంటు ట్యూబు దొరికింది, అందులో ఇదే మందు. ఐదు పక్షులకు పెట్టిన మాంసం తనకు ఇష్టమైన జంటకు మాత్రం పెట్టలేదు.

"విషమున్నదని తెల్వకుంటే ఎందుకు మార్చిండు? చెప్పు," అన్నాడు దుర్గేష్.

"ఆ ట్యూబుతో ఐదు రాబందుల్ని చంపాలంటే మేకకు స్నానం చేయించాలి."

"ట్యూబు కాకుంటే ఇంకోటి. మార్చిండా లేదా?"

"మార్చాడు. ఎందుకు మార్చాడో అడిగావా?"

"అడిగిన. నోరిప్పలే. నిన్నటి సంది కుర్చీల కూసోబెట్టిన. పక్షుల దిక్కు పోనిస్తలే, కొత్త మేకను సుత కోయనిస్తలే. నీలెక్క బైబిల్ పట్టుకున్నోడు కదన్నా, జెర నువ్వడుగు. నీకైతే చెప్తడేమో."

వెటకారానికే అన్నాడు.

ప్రభుదాస్ పక్క గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెనాలి దగ్గర ఊరు. పెళ్ళయ్యాక బోయిగూడలో స్థిరపడ్డాడు. ఆరడుగుల మనిషి ఒక గోనెసంచిలాగా కుర్చీలో జారి ఉన్నాడు. సైలస్ వందనాలు చెప్పాడు. వందనాలు బ్రదర్ అన్నాడు అతను, కళ్ళెత్తకుండా.

పక్షుల గురించి అడిగితే మాట్లాడాడు. ఒక్కోటీ ఎప్పుడు వచ్చిందీ, ఏది ముందు తింటుందీ, ఏది గొడవపడుతుందీ. మాట్లాడుతున్నంతసేపూ గొంతు ఒకటే మోస్తరులో ఉంది. వాటికి అతనెవరో తెలియదట. మనిషికి అలవాటు పడితే రేపు అడవిలో వదిలినప్పుడు బతకవని, గోడలో ఒక సందు పెట్టి అందులోంచి మాంసం తోస్తారు. ఏడేళ్ళలో ఒక్క పక్షి కూడా అతని ముఖం చూడలేదు. చచ్చాకే వాటిని ముట్టుకున్నాడు.

"గురువారం నీలం డబ్బా ఎందుకు వెనక్కి తీసుకెళ్ళావు?"

ప్రభుదాస్ తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర వీరరాఘవమ్మ నిలబడి ఉంది. అతను మళ్ళీ నేల చూశాడు. అంతే. సైలస్ రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగలేదు. దోషం ఉన్నవాడు అబద్ధమైనా చెప్తాడు. ఇతను అదీ చెప్పడం లేదు.

మేకల షెడ్డు చూడాలన్నాడు. అక్కడ ఊడ్చే సుబ్బులును తోడిచ్చి పంపింది వీరరాఘవమ్మ.

షెడ్డు నాలుగు కొట్లు. చివరి కొట్టు ఖాళీ. ఆ మేక ఉన్నది అందులోనే. సైలస్ గడప దగ్గరే గొంతుక్కూర్చుని నేల చూశాడు. పురుగు పట్టకుండా చల్లిన సున్నప్పొడి మీద గిట్టల గుర్తులు ఇంకా ఉన్నాయి. మూడు గిట్టలు అచ్చు గుద్దినట్టున్నాయి. నాలుగోది గిట్ట కాదు, గీత. కాలు ఈడ్చిన గీత.

బయటికి వచ్చాడు. షెడ్డు ముందు రాటపాతిన చోట నేలంతా పేడతో అలికి ఉంది. ముగ్గు చెరిగిపోయింది కానీ, తడి మీద మేక తొక్కిన గుర్తులు ఎండి గట్టిపడ్డాయి. రాట చుట్టూ మూడు చుట్లు. ఇక్కడ మాత్రం నాలుగు గిట్టలూ సమానంగా దిగాయి. రాటకు పసుపు, కుంకుమ. కింద ఎండిన బంతిపూల రేకులు.

"ఇక్కడేం జరిగింది సుబ్బులమ్మా?"

ఆమె చెప్పింది. ఇక్కడికి మేకను దానం ఇచ్చేవాళ్ళు ఉంటారట. పెద్దవాళ్ళ ఆబ్దికానికి కాకికి పిండం పెట్టినట్టు, రాబందులకు మేకను ఇస్తే పోయినవాళ్ళకు చేరుతుందని ఒక కుటుంబం మొదలుపెట్టింది. తర్వాత అందరూ నేర్చుకున్నారు. ముందే మేకను తెచ్చి అప్పగిస్తారు. తిథి రోజు పొద్దున్నే వచ్చి బొట్టు పెట్టి, దండేసి, రాట చుట్టూ తిప్పి, హారతిచ్చి వెళ్ళిపోతారు. కోయడం వాళ్ళు చూడరు. గురువారం మేక శారదమ్మ అనే ఆవిడది. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల కమిషన్ వ్యాపారం వాళ్ళది. హారతి పళ్ళెం ఎప్పుడూ వీరరాఘవమ్మే పట్టుకుంటుంది.

"మేక కుంటింది కదా?"

"మంగళారం తొట్టి దుంకి కాలు ఇరగ్గొట్టుకున్నంత పని చేసింది సార్. బుధారం అసలు కాలే మోపలే. డాక్టరమ్మ చూసింది, మందియ్యద్దు, రేపు కోసేదే కదా అన్నది. నాకు పానం ఒప్పక పసుపు ఉప్పు ముద్ద కట్టిన. బేస్తవారం పొద్దుగాల చూస్తే మంచిగ నడుస్తున్నది. దేవుని మహిమ అనుకున్న."

"పసుపు ముద్దకు ఒక్క రాత్రిలో తగ్గుతుందా?"

సుబ్బులు ఆలోచించింది. తగ్గదంది. తన మోకాలికి నెల నుంచి కడుతోందట.

బుధవారం సాయంత్రం ఎవరొచ్చారని అడిగాడు. శారదమ్మ కొడుకు తిరుమల్ వచ్చాడంది. పూజకు ముందురోజు దాతలు మేకకు చివరి మేత తెచ్చి పెట్టడం మామూలే. తోటకూర కట్టలు తెచ్చాడు. ఇంకేమైనా తెచ్చాడా అంటే ఆమె తొట్టి వెనక చూపించింది. నలిపి పారేసిన కాగితం ముక్క. అంటిన బెల్లం మీద చీమలు బారు కట్టి ఉన్నాయి.

సైలస్ ఆ కాగితం తీసుకోలేదు. రాట దగ్గరే నిలబడి కుంకుమ వైపు చూస్తూ ఉండిపోయాడు. అతనికి తన చిన్నప్పుడు పక్కింటివాళ్ళు ఇచ్చిన ప్రసాదాన్ని తల్లి ఏం చేసేదో గుర్తొచ్చింది. రెండు చేతులతో, నవ్వుతూ తీసుకునేది. తలుపు వేశాక ముట్టుకునేది కాదు. ఎవరి మనసూ కష్టపెట్టకుండా మెల్లగా ఇంకెవరికో ఇచ్చేసేది.

వెనక్కి వచ్చి ప్రభుదాస్ ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఈసారి వీరరాఘవమ్మను లోపలికి రమ్మన్నాడు. దుర్గేష్, యామిని కూడా వచ్చారు.

"ప్రభుదాస్, ఆ గుడ్డు కోసం ఉపవాసం ఉంటున్నావా?"

అతను మొదటిసారి కళ్ళెత్తాడు. పెట్టినప్పటినుంచీ ప్రతి శుక్రవారం అన్నాడు. సంఘంలో కూడా ప్రార్థన చేయిస్తున్నాడట.

"అందుకని బొట్టు పెట్టిన మాంసం వాటికి పెట్టలేకపోయావు."

ప్రభుదాస్ మోకాళ్ళ మీద చేతులు చూసుకుంటూ చెప్పాడు. "మిగతావాటికి ఎప్పుడూ పెడతానే ఉన్నా బ్రదర్. ఉజ్జోగం అది. కానీ ఆ రెండిటి కోసం నేను ప్రార్థన చేశా. ప్రార్థన చేసి, విగ్రహాలకి పెట్టింది నా చేత్తో తినిపిస్తే అది కపటమనిపించింది. గది ముందర నిలబడ్డా. చెయ్యి రాలా. పాత మేకది కొంచెం ఉంటే అది పెట్టా."

"నాకు చెప్పొచ్చుగా ప్రభుదాసూ," అంది వీరరాఘవమ్మ.

"ఎట్టా చెప్పేదమ్మా. హారతి పళ్ళెం మీ చేతిలోనే ఉంది."

ఆవిడ చేతిలో ఉన్న కళ్ళజోడు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

దుర్గేష్ గోడకు ఆనుకుని నవ్వాడు. మంచి కథ చెప్పించినవన్నా, కమిటీ ముందర ప్రార్థన చేస్తవా, రుజువు చూపిస్తవా అన్నాడు. సైలస్ ఫోను తీసి వీరరాఘవమ్మను తిరుమల్ నంబరు అడిగాడు. స్పీకరు పెట్టాడు.

అవతల మార్కెట్లో టమాటాల వేలంపాట నడుస్తోంది. తిరుమల్ చెవి మూసుకుని మాట్లాడుతున్నట్టుంది. మేకకు బెల్లంలో ఏం పెట్టావని సైలస్ అడిగాడు, కేంద్రం నుంచి అని మాత్రం చెప్పి.

"బిళ్ళలండీ. అమ్మ మోకాళ్ళ నొప్పులకి వేసుకునేవే. ఆరు పెట్టానండి," అన్నాడు తిరుమల్. దాచుకునే మనిషి మాట కాదు అది. "బుధవారం వచ్చి చూస్తే కుంటుతా ఉందండీ. నాన్నగారికి షుగరొచ్చి ఆఖర్లో కాలు తీసేశారు. ఆయన పేరు మీద ఇచ్చే మేక కుంటిదైతే అమ్మ తట్టుకోలేదండి. పొద్దున్న అమ్మ చూసి, చక్కగా నడుస్తుందిరా, నాన్నకి కాలొచ్చిందిరా అందండి. ఏవండీ, ఏమైనా అయిందా? నొప్పి తగ్గే మందేగా అది. విషం కాదుగా."

"ఐదు," అన్నాడు సైలస్.

"ఏంటండీ?"

"ఐదు పక్షులు పోయాయి. వాటికి అది విషమే."

అవతల పాట పాడేవాడి గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదు. "అమ్మకి చెప్పకండి," అన్నాడు తిరుమల్. సైలస్ ఫోను పెట్టేశాడు.

వాడకూడని మందుల పేర్లు రాసిన బోర్డు మాంసం కోసే గదిలో ఉందని యామిని చెప్పింది. దాతలు ఆ గదికి రారు. దండం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళకు ఇదంతా ఎందుకని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"కావాలని చంపింది ఎవరూ లేరు. కమిటీకి అదే రాసుకో," అన్నాడు సైలస్ దుర్గేష్‌తో.

దుర్గేష్ లాప్‌టాప్ మూశాడు. ఈ కేసులో అరెస్టు లేదు, పేపర్లో ఫోటో లేదు. సరే అన్నా, గెలిచినవ్ అన్నాడు. ఆ మాట వింటే సంతోషం కలుగుతుందని సైలస్ ఎప్పుడో అనుకున్నాడు. కలగలేదు. ప్రభుదాస్ కూడా కుర్చీలోంచి లేవలేదు. వెళ్ళి పని చూసుకొమ్మని వీరరాఘవమ్మ చెప్పినా కూర్చునే ఉన్నాడు.

సైలస్ అతని వైపే చూస్తూ, జరిగినదంతా మొదటినుంచి మనసులో ఒకసారి నడిపించుకున్నాడు. మేక కోశారు. ఐదు పక్షులకు పెట్టారు. పెద్ద ఫ్రీజరులో మిగిలింది యామిని పూడ్పించింది. జంట వాటా మాత్రం పెద్ద ఫ్రీజరులోకి వెళ్ళలేదు.

"ప్రభుదాస్, వాటికి పెట్టకుండా ఉంచిన మాంసం ఏం చేశావు?"

ప్రభుదాస్ నోరు తెరిచాడు. "నా గదిలో ఫ్రిజ్జుంది. వాటి డబ్బాలోనే పెట్టా. తర్వాతి మేతకి పెద్ద గదిలో వాటికి కలిపేద్దామని. ఈలోగా అవి పోయినయ్. మర్చిపోయా."

"ఇవాళ జంటకు మేత రోజా?"

మంగళవారం, అవునన్నాడు. కానీ తనను ఎవరూ వెళ్ళనివ్వలేదు కదా అన్నాడు.

సైలస్ వరండాలోకి వచ్చి సుబ్బులును పిలిచాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆ సారు కొత్త మేకను కోయద్దన్నాడు, పాపం గుడ్డు మీదున్నవి ఆకలితో ఉంటాయని ప్రభుదాసన్న ఫ్రిజ్జులో వాటి డబ్బా కనబడితే తీసి సందులోంచి తోశానంది. ఎప్పుడు అంటే, ఇప్పుడే, మీరు లోపల ఫోన్ల మాట్లాడుతున్నప్పుడు అంది.

ఎవరూ అరవలేదు. అందరూ ఒకేసారి నడవడం మొదలుపెట్టారు, తర్వాత పరుగెత్తారు.

చిన్న జాలీ గది గోడ సందులోంచి ఒక్కొక్కరే చూడాలి. ముందు యామిని చూసింది. మగపక్షి తినేసిందంది. మెడ కింద సంచి ఉబ్బి కనిపిస్తోంది. తిని, గూటి మీదికి ఎక్కి, గుడ్డు మీద కూర్చునే వంతు తను తీసుకుంది. ఇప్పుడు ఆడపక్షి దిగుతోంది. నేల మీద ఇంకా సగం మాంసం ఉంది.

"విరుగుడు ఉందా?" అని అడిగాడు సైలస్.

"లేదు. కానీ తిన్నది ఇంకా గొంతు సంచిలోనే ఉంది. బాగా భయపడితే కక్కేస్తాయి. రాబందులన్నీ అంతే." యామిని సందు దగ్గరనుంచి కదలలేదు. "కాకపోతే అది గుడ్డు మీద ఉంది. భయంతో లేస్తే కాలు తగిలి పగలొచ్చు. పగలకపోయినా మనిషిని చూసిన గూటికి మళ్ళీ రాకపోవచ్చు. రెండూ రాకపోవచ్చు."

భయపెట్టకపోతే మగది రెండు రోజుల్లో పోతుంది. ఆడపక్షి ఒక్కటే గుడ్డును కాస్తూ మేతకు దిగడం కుదరదు. అప్పుడు కూడా గుడ్డు పోతుంది.

వీరరాఘవమ్మ ప్రభుదాస్ వైపు చూసింది. గోడ పక్కన సుబ్బులు పెట్టిన ఖాళీ నీలం డబ్బా ఉంది. ప్రభుదాస్ దాన్ని తీసుకున్నాడు. మూలనున్న చీపురుకర్ర తీసుకున్నాడు. గది తలుపు గడియ తుప్పు పట్టి ఉంది. ఏడేళ్ళుగా తీయలేదు. దుర్గేష్ వచ్చి భుజంతో తోస్తే ఊడింది.

ప్రభుదాస్ లోపలికి వెళ్ళాడు.

ఆడపక్షి అప్పటికి మాంసం దగ్గరికి వచ్చింది. మనిషిని చూసి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత రెక్కలు విప్పి గదంతా దుమ్ము లేపుతూ ఎగిరి, పైన జాలీని కరుచుకుని వేలాడింది. మాంసం నేల మీదే ఉంది. దాని ముక్కు ఇంకా తగల్లేదు. ప్రభుదాస్ వంగి ముక్కలన్నీ డబ్బాలో వేశాడు. తొందరపడలేదు. ఒక్కో ముక్కా వెతికి వెతికి వేశాడు.

మగపక్షి మాత్రం లేవలేదు. గూట్లో ఇంకా చదునుగా అణిగి, రెక్కలు గుడ్డు చుట్టూ సర్దుకుని, మెడ చాచి బుస కొట్టింది. ప్రభుదాస్ దాని ముందు నిలబడ్డాడు. ఏడేళ్ళు కంటబడకుండా పెంచిన పక్షి, మొదటిసారి అతన్ని చూస్తోంది.

"కొట్టండి," అంది యామిని సందులోంచి, మెల్లగా. "ప్రభుదాస్ గారూ, కొట్టండి."

అతను కర్రతో డబ్బా మీద ఒక దెబ్బ కొట్టాడు. పక్షి కదల్లేదు. ఇంకో దెబ్బ కొట్టాడు. మూడో దెబ్బకు నోరు తెరిచి అరిచాడు. అది మాట కాదు. నాలుగు రోజులుగా ఏడవని మనిషి గొంతు అది.

మగపక్షి లేచింది. గూటి అంచున నిలబడి, మెడ ముందుకు వంచి, తిన్నదంతా కక్కింది. ఎర్రటి ముద్దలు గూడున్న అరుగు మీద పడ్డాయి. తర్వాత రెక్కలు కొట్టుకుంటూ వెళ్ళి ఆడపక్షి పక్కన జాలీని పట్టుకుంది.

ప్రభుదాస్ గూట్లోకి చూడలేదు. కక్కినదంతా రెండు చేతులతో ఎత్తి డబ్బాలో వేసుకుని, వెనక్కి నడుస్తూ బయటికి వచ్చాడు. తలుపు దగ్గరికి వేశాడు. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. సుబ్బులు వచ్చి తీసుకుంది.

యామిని జరిగి సైలస్‌కు సందు ఇచ్చింది. గుడ్డు కనిపిస్తోంది. పగల్లేదు. కొబ్బరిపీచు మధ్య తెల్లగా, కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉంది. పక్షులు రెండూ గది అవతలి మూల జాలీకి అతుక్కుని తలుపు వైపే చూస్తున్నాయి. గూటి వైపు చూడడం లేదు. జాలీలోంచి జనవరి గాలి వస్తోంది. సైలస్ చేతులు చల్లబడ్డాయి.

ఆ గుడ్డు ఇట్లా ఎంతసేపు ఉంటుందని దుర్గేష్ అడిగాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నేల మీద చతికిలబడిన ప్రభుదాస్ కూడా అదే అడిగినట్టు సైలస్ వైపు చూశాడు.

సైలస్ సందులోంచి కళ్ళు తీయలేదు. రాబందులు కదల్లేదు. గుడ్డు మీద ఎవరూ లేరు.